మాయలేడియు గృధ్రరాజును

ద్వారకా తిరుమలలో చినవేంకటేశ్వరుని సేవించి, గుర్వాయిగూడెమున మద్ది ఆంజనేయస్వామికి ప్రదక్షిణములు చేసి భద్రాద్రికి బయలుదేరు యాత్రికులకు జంగారెడ్డిగూడెము, జీలుగుమిల్లి దాటిన పిమ్మట అశ్వారావుపేట తగులును. పూర్వము ఖమ్మము జిల్లాలోనుండి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరిన ఈ ఊరు ఆంధ్ర తెలంగాణముల సరిహద్దున నున్నది. చుట్టును పామాయిలు తోటలు, మొక్కజొన్న చేలు. వాని కావల అడవి. ఇక్కడినుండి పాల్వంచ మీదుగా గోదావరీ తీరమునకు పోవు దారి రామకథ నడచిన దారియని ఈ ప్రాంతపు జనుల విశ్వాసము.

ఆ దారిలో తెలతెలవారుచుండగా చుక్కల దుప్పి యొకటి రోడ్డు దాటినచో బస్సులోనివారందరు కిటికీల వైపునకు వంగుదురు. నిద్రించు బిడ్డలను తల్లులు లేపి చూపుదురు. డ్రైవరు వేగము తగ్గించును. దానికి చిన్న దెబ్బ తగిలినచో భద్రాచలము చేరువరకు అదే మాట. అదే మలుపున అడవిపంది తన పిల్లలను వెంటబెట్టుకొని దాటినచో ఒక కేక, ఒక నవ్వు, అంతటితో సరి. రెండును అడవి ప్రాణులే. రెండును ఉచ్చునకు వెరచునవే. మెడకు తీగ బిగిసినప్పుడు రెండింటికిని ఊపిరి ఒకే విధముగా ఆడకపోవును. అయినను ఒకదానికి కన్నీరు, వేరొకదానికి నవ్వు. ఈ భేదము ఎక్కడనుండి వచ్చినది? ఇది దయయా, లేక దయ వేషము ధరించిన మరియొకటియా? భూతదయను భగవదారాధనముగా భావించు వైష్ణవ గృహస్థులకు ఇది విడువరాని ప్రశ్న.

కారణములలో మొదటిది కన్ను. ఆస్ట్రియా దేశమునకు చెందిన జంతుశాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లో దీనిని గూర్చి వ్రాసెను. గుండ్రని నుదురు, పెద్ద కన్నులు, చిన్న ముక్కు, బొద్దు బుగ్గలు మానవశిశువు లక్షణములు. ఇవి ఏ ప్రాణియందు కనబడినను మనుష్యునిలో బిడ్డను సాకు ప్రేమ తనంత తానే మేల్కొనునని ఆయన భావము. లేడిపిల్ల ఆ పరీక్షలో చూడగనే నెగ్గును. పంది నెగ్గదు. అలుగు సంగతి చెప్పనక్కరయే లేదు. (చెరువు నిండి పొరలు చోటును కూడ తెలుగువారు అలుగు అనియే అందురు గనుక, ఆ పేరుగల జంతువొకటి తమ అడవులలో నున్నదని ఎరుగని పట్టణవాసులు పెక్కురు.) రాత్రివేళ చీమలను, చెదలను వెదకికొని తిని, అపాయము వచ్చినచో పొలుసుల బంతివలె ముడుచుకొనిపోవుట తప్ప అది ఎవరికిని కీడు చేయదు. మన గోళ్లు ఏ పదార్థముతో నున్నవో ఆ పదార్థమే దాని పొలుసు. ఔషధమను భ్రమతో ఆ పొలుసులకై వేటాడుటచే ప్రపంచమందలి ఎనిమిది జాతుల అలుగులును ఆపదలో పడగా, 2016లో దేశములన్నియు కూడి వాని వాణిజ్యమును నిషేధించినవి. అట్టి దాని కొరకు కంటతడి పెట్టినవారెందరు?

కన్ను చేయు న్యాయము ఎట్టిదో దూరదేశపు ఉదంతమొకటి తెలుపును. ఉత్తర సముద్రపు మంచుగడ్డలపై సీలు అను జలచరము పిల్లలను కనును. ఆ పిల్ల మంచువలె తెల్లగా, నల్లని పెద్ద కన్నులతో ఉండును. దుడ్డుకర్రలతో వానిని కొట్టి చంపు దృశ్యములు చూచి ఐరోపా ప్రజలు చలించిపోగా, 1983లో అక్కడి దేశములు ఆ తెల్లపిల్లల చర్మముల దిగుమతిని నిషేధించినవి. పెద్ద సీలు మాటయో? దాని చర్మముపై నిషేధము 2009లో గాని రాలేదు. తెల్లని బొచ్చు రాలిపోయిన నేరమునకు ఆ ప్రాణి 26 సంవత్సరములు వేచియుండవలసి వచ్చినది! అంతేకాదు. ఈ కన్నీటి వెల్లువలో చర్మముల ధర పడిపోయి, తరతరములుగా పెద్ద సీలును వేటాడి, దాని మాంసము తిని, చర్మము అమ్ముకొని బ్రదుకు ఇన్యూట్ అను మంచుదేశపు గిరిజనులు తాము చేయని పాపమునకు బీదరికము ననుభవించిరి. పట్టణములలో పుట్టిన జాలి వెలను అడవి అంచున నున్న పేదవాడు చెల్లించెను. ఈ మాట అశ్వారావుపేట దారిలో మరల జ్ఞాపకము చేసికొనవలసి వచ్చును.

రెండవ కారణము పేరు. ఉత్తరాదిన నీల్‌గాయ్ అను జంతువు పైరులను మేసి రైతులను బాధించును. అది గోవు కాదు. కృష్ణజింకవలె కొమ్ముల మృగము. అయినను పేరులో గోశబ్దముండుటచే దానిని చంపుటకు అక్కడి రైతులు వెనుదీయుదురు. ఆ జంతువునే తెలుగువారు మనుబోతు అందురు. ఈ పేరులో ఆవు లేదు. కావున ఆ భక్తియు లేదు. ఒక్క అక్షరము మారినంతనే ఒక ప్రాణి పూజ్యమగుట, వధ్యమగుట విచిత్రము కాదా? చట్టములు కూడ ఈ బలహీనతకు అతీతములు కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రాణులను పట్టికలుగా విభజించి, పులికి మొదటి పట్టికలో పీట వేసి, కాకిని, ఎలుకను, పండ్లు తిను గబ్బిలమును చివర హానికర జీవుల పట్టికలో చేర్చెను. ఆ చివరి పట్టిక 2022 నాటి సవరణతో తొలగినది.

2020వ సంవత్సరము మే నెలలో కేరళదేశమునందలి పాలక్కాడు జిల్లాలో గర్భవతియైన ఏనుగొకటి పేలుడుపదార్థము దాచిన కాయను కొరికి, నోరు ఛిద్రమై, ఆ మంటను ఓర్వలేక నదిలో దిగి, నిలుచున్నది నిలుచున్నట్లే ప్రాణము విడిచెను. దేశమంతయు విలపించినది. విలపింపదగినదే. కాని ఆ కాయ ఎవరికై పెట్టినది? అడవిపందులకై. అటువంటి కాయలు కొరికి, దవడలు పగిలి, పొదలలో పడి దినముల తరబడి చచ్చు పందుల మాట ఆ శోకములో ఎవరికిని తోచలేదు. ఒకే బాంబు, ఒకే నొప్పి. ఏనుగు నోటిలో పేలినది గనుక అది క్రౌర్యమైనది. పంది నోటిలో పేలియుండినచో అది పంట రక్షణమై యుండెడిది.

రామాయణము చదువువారికి ఈ సందర్భము క్రొత్తది కాదు. వర్షాకాలపు రాత్రి సరయూతీరమున నీటికి వచ్చు మృగముకొరకు దశరథుడు విల్లెక్కుపెట్టి పొంచియుండెను. కుండ మునుగు సవ్వడిని ఏనుగు నీరు త్రాగు సవ్వడిగా భావించి బాణము వేసెను. మానవుని ఆర్తనాదము వినబడగనే ఆయన గుండె పగిలినది. వృద్ధులైన తల్లిదండ్రుల శాపమే రామకథకు బీజమైనది. తెలుగు ఇండ్లలో శ్రవణకుమారుని కథయని ప్రసిద్ధమైన ఈ ఘట్టమున ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఆ సవ్వడి నిజముగా ఏనుగుదే అయినచో? బాణము అదే, చీకటి అదే, నీటికై వచ్చిన ప్రాణి దప్పికయు అదే. కాని కథ లేదు, శాపము లేదు, రాజునకు నిద్రాభంగమును లేదు. గుంపులో తల్లి ఏనుగు తన బిడ్డకొరకు ఎంత ఘీంకరించినను ఆ శోకమునకు శాపశక్తి యుండెడిది కాదు. వినువాని చెవిలో మార్పు వచ్చినది గాని బాణపు మొనలో రాలేదు.

మూడవ కారణము, కథలలో ఏ ప్రాణి పక్షమున నిలువవలెనో బాల్యమునుండియు అలవాటు పడియుండుట. పాల్వంచ చేరువనున్న కిన్నెరసాని జలాశయమువద్ద లేళ్ల పార్కు కలదు. ఆ జలాశయములోనే మొసళ్లును కలవు. 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఆ 635 చదరపు కిలోమీటర్ల అడవిలో రెండింటికిని రక్షణ సమానమే. కాని పార్కుకు వచ్చిన పిల్లలు లేడిని చూచి చేయి చాతురు, మొసలిని చూచి చేయి వెనుకకు తీసికొందురు. వారికి గజేంద్రమోక్షము తెలియును. మొసలి ఆ కథలో శత్రువు. అయితే భాగవతము అక్కడ ఆగలేదు. సుదర్శనము తాకిన మకరి దేవలుని శాపమునుండి విడివడి, హూహూ అను గంధర్వుడై హరిని స్తుతించి తన లోకమునకు పోయెను. ఏనుగు మొర పెట్టినది. మకరి మొర పెట్టలేదు. స్వామి పరుగెత్తి వచ్చినది ఏనుగుకొరకే. అయినను వచ్చిన దయ మడుగులోని రెండు ప్రాణులకును అందినది. పాడువారు మొదటి భాగమునే పాడి, రెండవ భాగమును తొందరగా దాటించుటచే ఈ విశేషము మరుగున పడిపోవుచున్నది.

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున పర్ణశాల కలదు. సీతారామలక్ష్మణులు అక్కడనే నివసించిరనియు, మారీచుడు బంగారులేడియై ఆ పరిసరములందే తిరిగెననియు స్థలపురాణము. భద్రాద్రికి వచ్చినవారిలో అనేకులు ఆ చోటు చూడక మరలరు. ఆ కథలో లేడిని చూచి అమ్మవారు మోహపడుట అందరికిని తెలిసినదే. ఆమె స్వామిని అడిగిన రీతి మాత్రము అంతగా ఎవరును తలపునకు తెచ్చుకొనరు. ప్రాణముతో పట్టి తెచ్చినచో ముచ్చటగా పెంచుకొందుననెను. ప్రాణముతో చిక్కకున్నచో దాని చర్మమైనను ఆసనమునకు పనికివచ్చుననెను. ఇది లోకమాతకు దోషమెన్నుట కాదు. మానుష లీలలో అవతరించిన తల్లి మానవహృదయపు తీరును మానవులకే చూపుచున్నది. అందముచేత కలిగిన ప్రేమ ఎంత దగ్గరలో వేటను దాచుకొనియుండునో ఆ రెండు కోరికలు ప్రక్కప్రక్కన నిలిచి చెప్పుచున్నవి. కన్ను కోరిన దానిని చేయి పట్టదలచును. చేతికి చిక్కనిదానిని బాణము పట్టును. అంతకు ముందు ఆ అరణ్యకాండమునందే, వైరము లేని ప్రాణులపై ఆయుధమెత్తుట తగదని స్వామికి మృదువుగా బోధించినదియు ఆ తల్లియే. దయ తెలియని హృదయము కాదది. దయ తెలిసిన హృదయమును కూడ అందము ఎట్లు ప్రక్కకు లాగునో, అదియే ఇక్కడి విషయము.

ఇక రెండవ స్థలము. భద్రాచలమునకు కూతవేటు దూరమున, 2014 తర్వాత ఆంధ్రప్రదేశములో చేరిన ఎటపాక కలదు. జటాయుపాక అను పేరే ఇట్లు మారినదని, రావణునితో పోరి రెక్కలు తెగిన జటాయువు అక్కడ పడెనని చెప్పుదురు. జటాయువు గృధ్రము; అనగా రాబందు. మెడ బోసి, ముక్కు వంకర, ఆహారము కళేబరము. ఏ తల్లియు బిడ్డను లేపి చూపదు. ఇంటిపై వాలినచో శాంతి చేయించుకొను ఆచారము నేటికిని కలదు. అట్టి పక్షి మరణించుచుండగా శ్రీరాముడు నేలపై కూర్చుండి దానిని కౌగిలించుకొని విలపించెను. సీత దూరమైన దుఃఖముకంటెను తనకొరకు ప్రాణమిచ్చిన ఈ పక్షి మరణమే తనను ఎక్కువ బాధించుచున్నదని లక్ష్మణునితో పలికెను. చితి పేర్చి, తండ్రికి వలె దహనము చేసి, గోదావరిలో ఉదకము విడిచెను. తన కన్నతండ్రి చితికి నిప్పు పెట్టు అవకాశము రామునకు కలుగలేదు. ఆ కార్యము రాబందునకు దక్కినది. చక్కని లేడి మోసమై, వికారమైన పక్షి బంధువైన అడవి ఇదియే. రామాయణము ఈ రెండు ఘట్టములను ఇంత దగ్గరగా నుంచుట యాదృచ్ఛికమని ఎట్లు అనుకొనగలము?

రాబందుల నేటి కథ ఎటపాక పేరు విన్నప్పుడెల్ల గుర్తు రావలెను. 1990 ప్రాంతమునుండి భారతదేశమున రాబందులు కుప్పలుగా చచ్చిపోయినవి. మూడు జాతులలో నూటికి 95కు మించి నశించినవి. ఏ వేటగాడును వానిని వేటాడలేదు. పశువుల నొప్పికి వాడు డైక్లోఫెనాక్ అను మందు కళేబరములో మిగిలి, దానిని తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చుచున్నవని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చిరి; పశువులకు ఆ మందు వాడుకను 2006లో ప్రభుత్వము నిషేధించెను. ఊరి పొలిమేరలో కుళ్లుచున్న కళేబరములను ఉచితముగా శుభ్రపరచు ఆ పక్షులు లక్షలు, కోట్లుగా మాయమగుచుండగా దేశము చాలకాలము గమనింపనే లేదు. అవి లేళ్లో, నెమళ్లో అయినచో అంతకాలము పట్టెడిదా?

పంది మాటకు మరల వత్తము. తిరుమల క్షేత్రమున శ్రీనివాసుని కంటె ముందు పుష్కరిణి తీరమునందలి వరాహస్వామిని దర్శించుట సంప్రదాయము. ఆ కొండ వరాహక్షేత్రము. శ్రీనివాసుడు ఆయనవద్ద చోటు అడిగి వెలసినవాడు. సింహాచలమున చందనము పూతలో నున్నదియు వరాహనృసింహుడే. నీట మునిగిన భూమిని కోరపై నెత్తిన ఆ మూర్తిముందు చేతులు జోడించినవారే అడవిపందిని చూచి ముఖము చిట్లించుట అశ్వారావుపేట దారిలో నిత్యము జరుగునది. పందిని పూజింపుడని ఎవరును కోరరు. స్వామి తనకొరకు లేడి రూపమును ఎంచుకొనక ఆ రూపమును ఎంచుకొనుటలో భక్తునకు ఏదో సూచన యున్నదని తలచిన చాలును.

అయితే రైతు పక్షమును వినక ఈ విచారము ముగియరాదు. పంది గుంపు ఒక రాత్రి చేలో దిగినచో మొక్కజొన్న తిన్నది కొంత, త్రొక్కి పాడుచేసినది అంతకు మించి. వేరుసెనగను త్రవ్వి తినును. లేత పామాయిలు మొక్కల మొదళ్లను పెకలించును. అప్పు తెచ్చి విత్తిన వానికి ఆ ఉదయము చేను చూచుట ఎట్లుండునో బస్సు కిటికీలోనుండి కనబడదు. అధికారుల అనుమతితో గుర్తింపు పొందిన షూటర్లచే పందులను కాల్పించు ఏర్పాటు తెలంగాణములో కలదు. అది చట్టము. చట్టమునకు వెలుపల కరెంటు తీగలు పరచుట, నాటుబాంబులు పెట్టుట జరుగుచున్నది. ఆ తీగ పందిని, దుప్పిని, చీకటిలో నడచివచ్చు మనిషిని వేరుచేసి చూడదు. నిజము చెప్పవలెనన్న, భేదము చూపనిది అక్కడ అది ఒక్కటే.

కోయల సంగతియు ఇట్టిదే. అడవిదున్న కొమ్ములు తలపాగకు అమర్చుకొని వారు చేయు కొమ్ము నృత్యము చూచి పట్టణవాసులు చప్పట్లు కొట్టుదురు. విత్తనములకు ముందు వచ్చు భూమి పండుగలో వారి పెద్దలు వేటకు వెళ్లెడివారని విన్నచో, అదే నోటితో కఠినులందురు. అటవీ ఫలసాయముపై గిరిజనులకు హక్కులిచ్చిన 2006 నాటి చట్టము వేట హక్కును మాత్రము ఈయలేదు. అది సమంజసమే కావచ్చును; అడవి తరిగినది, మృగములు తరిగినవి. కాని వేటాడిన కోయవాడు కొమ్ములు ధరించి ఆ మృగమును స్మరించెను. పందికి గాని, దున్నకు గాని తన జీవితమున ఒక్క స్మరణయు చేయనివాడు అతనిని తీర్పు తీర్చుటకు తొందరపడరాదు. మహాభారతమున కౌశికుడను బ్రాహ్మణుడు తనపై రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో కాల్చి, ధర్మము తెలిసికొనుటకు మిథిలలో మాంసము అమ్ము ధర్మవ్యాధునివద్దకు పోవలసివచ్చెను. నాగలి సాగినచోట మన్నులోని ఎన్ని ప్రాణులు నశించునో ఆ వ్యాధుడే అతనికి చెప్పెను. శాకాహారి విస్తరిలోని అన్నమునకును ఆ లెక్క వర్తించును.

మరి లేడిపై జాలిపడుటయే తప్పా? కాదు. భరతమహారాజు రాజ్యము విడిచి తపస్సు చేయుచుండగా, సింహగర్జనకు బెదరిన లేడి నీటిపైనుండి దుముకుచు ఈని చనిపోయెను. ప్రవాహములో కొట్టుకొనిపోవు పిల్లను ఆయన దరికి చేర్చెను. చేర్చుట ధర్మమే, చేర్చకున్నచో తపస్సునకే అర్థము లేదు. తెలుగు భాగవతమున గంగన తెనిగించిన పంచమస్కంధములోని ఈ కథను తపోభంగమునకు ఉదాహరణముగా మాత్రమే చెప్పుట వాడుక. కాని పతనము నీటిలో దిగినపుడు మొదలు కాలేదు. ఆ ఒక్క పిల్ల తప్ప అడవిలో వేరొక ప్రాణియే కనబడని స్థితి వచ్చినపుడు మొదలైనది. తోడేలు వచ్చునేమో, పులి వచ్చునేమో అని ఆయన కలతపడెను. తోడేలునకును ఆకలి యుండునని ఒకనాడైనను తలచెనా? దయ ద్వారము వంటిది. ఒకరికై తెరచినను వెనుకవారికి దారి యుండును. మోహము గూటివంటిది; ఒకటి పట్టిన తర్వాత చోటుండదు. చూచుటకు రెండును ఒకే కన్నీరు కార్చును గనుక తెలిసికొనుట కష్టము.

గీతాచార్యుడు పండితుని లక్షణము చెప్పునపుడు ఆవును, ఏనుగును, కుక్కను ఒకే వరుసలో నిలిపెను. ఆవునకు పెట్టు గడ్డి కుక్కకు పెట్టుమని దాని అర్థము కాదు. పులికి, పందికి, పైరునకు ఒకే ఏర్పాటు కుదరదు. రైతు తన చేనిని కాచుకొనవలసినదే. సమముగా చూడవలసినది వాని నొప్పిని. పందిని ఆపవలసివచ్చినపుడు సైతము, దవడ పగిలి మూడు దినములు పొదలో మూలుగు మార్గమును ఎంచుకొనక, లేడికైనచో తాను ఏ మార్గమును ఎంచుకొనునో అదే దీనికిని ఎంచుట ఆ చూపు అడుగునది. ఆ చూపు రాత్రికి రాత్రి వచ్చునది కాదు.

అశ్వారావుపేట పొలములలో మొక్కజొన్న కంకి పట్టు దినములలో దారిన పోవువారికి ఒక దృశ్యము కనబడును. ఇంటిలోని పాతచీరలను, ఎరుపువి, పచ్చవి, రంగు వెలిసినవి, కర్రలకు కట్టి రైతులు చేను చుట్టు తిప్పుదురు. గట్టువెంట మంగలి దుకాణమునుండి తెచ్చిన వెంట్రుకలు చల్లుదురు. వాసనకు పంది వెనుదిరుగునని వారి అనుభవము. మంచె మీద ఒక ముసలివాడు డబ్బా వాయించుచు రాత్రియంతయు కూర్చుండును. చీరలు గాలికి ఆడుచుండును. అడవి అంచున ఆకులు కదలును; అతడు లేచి, 'పోవే తల్లీ, పో, ఇటు రాకు' అని కేక వేయును.